ఎడమ చెవి నాది

మొన్న ఆదివారం చాలా ఏళ్ళ తర్వాత, తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ బయటికి తీశాను. మా అమ్మాయికి ఏదో సొరుగులో నా పాత మ్యూజిక్ ప్లేయర్ దొరికింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. లోపల నా కాలం పాటలు, బయట ఒక హెడ్‌ఫోన్ కన్నం, అంతే. "నాన్నా, దీనికి స్పీకర్లు మనమే చేద్దామా?" అంది. కొనేద్దాంలే అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఐరన్ మొన వేడెక్కాక సోల్డర్ తీగ ఆనించగానే సన్నగా పొగ లేచింది. అది సీసం వాసన అనుకుంటారు చాలామంది. కాదు. తీగ కడుపులో రోజిన్ అనే పైన్ చెట్టు బంక ఉంటుంది, కాలేది అది. కొంచెం ధూపంలా, కొంచెం కాలిన కర్రలా ఉంటుంది. ఆ పొగ ముక్కుకి తగలగానే నాకు మా అన్నయ్య చెంప గుర్తొచ్చింది. చెమట పట్టి, నా చెంపకి అతుక్కుపోయి ఉండే చెంప.

* * *

బాబాయి ఒకసారి ప్రయాణం నుంచి వస్తూ మా ఇద్దరికీ కలిపి ఒక క్యాసెట్ ప్లేయర్ తెచ్చాడు. నడుముకి తగిలించుకునే రకం. మేం దాన్ని వాక్‌మన్ అనేవాళ్ళం. ఆ పేరు సోనీ వాళ్ళదనీ, మాది వేరే కంపెనీదనీ పెద్దయ్యాక గానీ తెలియలేదు. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే చేతికి బరువుగా, నిండుగా ఉండేది. ప్లే నొక్కితే 'టక్'మని ఒక గట్టి చప్పుడు. పాట మొదలయ్యేలోపు టేపు ఖాళీగా తిరుగుతూ 'స్స్' అంటుంది చూడండి, ఆ రెండు క్షణాలు నాకు పాట కంటే ఇష్టం.

దాంతో పాటు వచ్చిన హెడ్‌ఫోన్ సన్నటి రేకు పట్టీది. రెండు చివర్లా నల్ల స్పాంజి తొడిగిన బిళ్ళలు. ఒక్క తలకి చేసిన వస్తువు, మేమేమో రెండు తలలం. పట్టీని బాగా వంచి ఇద్దరి తలల వెనకనుంచి వేసుకుని, చెంపకి చెంప ఆనించి కూర్చునేవాళ్ళం. ఎడమ బిళ్ళ నాకు, కుడిది అన్నయ్యకి. ఎందుకలా అంటే మొదటి రోజు అలా కూర్చున్నాం కాబట్టి. ఆ తర్వాత అది చట్టం అయిపోయింది.

1979లో సోనీ వాళ్ళు జపాన్‌లో మొదటి వాక్‌మన్‌ని, టీపీఎస్-ఎల్2ని, విడుదల చేసినప్పుడు దానికి రెండు హెడ్‌ఫోన్ సాకెట్లు పెట్టారు. ఇద్దరు కలిసి వినడానికే. మధ్యలో మాట్లాడుకోవాలంటే ఒక నారింజ రంగు బటన్ ఉండేది. అది నొక్కితే పాట తగ్గి, లోపలి మైకు ద్వారా పక్కవాళ్ళ మాట చెవిలో పడేది. ఈ సంగతి చదివిన రోజున నాకు నిజంగా కోపం వచ్చింది. మాదాంట్లో ఒక్కటే సాకెట్టు ఉండేది మరి.

ఇంకో తంటా కూడా ఉండేది, చాలాకాలం మాకు అర్థం కాలేదు. స్టీరియో పాటలో కొన్ని వాయిద్యాలు ఎడమ పక్క, కొన్ని కుడి పక్క పెడతారు. అంటే ఒకే పాటని నేనూ అన్నయ్యా రెండు పాటలుగా వింటున్నాం. ఒక పాట ఉండేది. పల్లవి అయ్యాక వేణువు భలే ఉంటుంది అన్నాడు ఒకరోజు. వేణువా, అక్కడ వయొలిన్లు కదా ఉన్నాయి అన్నాను. లేదు వేణువే. కాదు వయొలిన్లే. అమ్మ వచ్చి ఇద్దరినీ విడదీసేదాకా వెళ్ళింది అది.

ఒక్కడివే పెట్టుకుని వినొచ్చుగా అంటారేమో. ఒకడు పెట్టుకుంటే రెండోవాడు చూస్తూ ఊరుకునేవాడా? అయినా ఒక మధ్యాహ్నం అన్నయ్య నిద్రపోతున్నప్పుడు దొంగతనంగా రెండు బిళ్ళలూ నా చెవులకే పెట్టుకుని విన్నాను. వేణువు ఉంది. కుడిపక్క, సన్నగా, వయొలిన్లకి జవాబు చెబుతున్నట్టు. ఆ సంగతి ఒప్పుకుంటే దొంగతనం బయటపడుతుంది. అందుకని ఇంకో రెండు వారాలు వేణువు లేదనే వాదించాను.

* * *

స్పీకర్లు చేద్దామన్న ఆలోచన మాకొచ్చింది కాదు. నాన్నమ్మ వల్ల వచ్చింది.

ఒకరోజు ఆవిడకి హెడ్‌ఫోన్ పెట్టాం. కొప్పు అడ్డం వచ్చి పట్టీ నిలవలేదు, చేత్తో పట్టుకుని విన్నారు. చెవుల్లో పాట మోగుతుంటే మన గొంతు మనకి వినపడదు కదా, ఇల్లు అదిరేలా "బాగుందిరా!" అని అరిచారు. మేం పడీ పడీ నవ్వాం. రెండు పాటలు విన్నాక తీసేసి, "ఇదేం పాటరా, నాకొక్కదానికే వినపడితే బాగుందని ఎవరితో చెప్పుకోను?" అన్నారు. ఆ తర్వాత ఎంత బతిమాలినా పెట్టుకోలేదు.

మొదట చేసింది గ్లాసుల ప్రయోగం. రెండు స్టీలు గ్లాసుల్లో చెరో బిళ్ళా వేసి వాల్యూమ్ పూర్తిగా పెట్టాం. వినపడింది! కానీ పాడేవాడెవడో బావిలో పడి, మూతి మీద రేకు కప్పినట్టు. కాగితం గరాటాలు చేసి పెడితే గ్లాసుల కంటే నయం. మాట తెలిసేది. చిన్న బిళ్ళ కదిలించే గాలి తక్కువ, గరాటా ఆ కాస్త గాలినీ పోగేసి గదిలోకి పంపుతుంది. పాత గ్రామఫోన్ల కొమ్ముబూర చేసింది కూడా ఆ పనే. ఇదంతా అప్పుడు తెలుసా ఏమిటి, గరాటా పెద్దదైతే పాట పెద్దదవుతుందని మాత్రం తెలుసు. కేలండర్లో అయిపోయిన నెలలన్నీ గరాటాలైపోయాయి. చివరికి అవ్వని నెల కూడా ఒకటి చింపాం. దానికి మాత్రం తన్నులు పడ్డాయి.

* * *

ఎదురింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. పాత రేడియోలు బాగు చేయడం ఆయన కాలక్షేపం. మేం రేడియో తాతగారు అనేవాళ్ళం. ఆయన గదిలో ఎప్పుడూ ఇదే వాసన, కాలిన రోజిన్. బల్ల మీద పొట్ట విప్పిన రేడియోలు. మేం గరాటాలు పట్టుకుని వెళ్ళి సంగతి చెబితే నవ్వకుండా విన్నారు. అది చాలా పెద్ద విషయం ఆ వయసులో.

బల్ల కింద డబ్బాలోంచి రెండు స్పీకర్లు తీశారు. చచ్చిపోయిన రేడియోలవి. ఒకటి గుండ్రంది, నాలుగంగుళాలు. రెండోది కోలగా, కోడిగుడ్డు ఆకారంలో. రెండూ జత కాదు. కోలదాని కాగితం ఒకచోట చిరిగి, బంకతో అతికిన పల్చటి కాగితం ముక్కతో ఉంది. వెనక అయస్కాంతాలు మాత్రం భలే బరువు. ఇంటికొచ్చేలోపు ఇంట్లో ఉన్న గుండుసూదులన్నీ వాటికి ఎలా అంటించాలా అని ఆలోచించాం.

ప్లేయర్ పిన్ను ఎలా ఉంటుందో ఆయనే చూపించారు. మూడున్నర మిల్లీమీటర్ల పిన్ను, రెండు నల్ల గీతలు దాన్ని మూడు ముక్కలు చేస్తాయి. కొస ఎడమ వైపుది. మధ్య రింగు కుడిది. వెనక పొడుగు ముక్క ఇద్దరిదీ కలిపి, తిరుగు దారి. "వెళ్ళడానికి ఎవరి దారి వాళ్ళది, తిరిగి రావడానికి ఇద్దరికీ ఒకటే దారి" అన్నారు. మేం తలలూపి వచ్చేశాం.

సోల్డరింగ్ ఐరన్ మాకు ఇవ్వలేదు. తీగలు ఒలిచి, మెలిపెట్టి, టేపు చుట్టి కలిపాం. ప్లే నొక్కాం. వచ్చింది శబ్దం, దోమ పాడినట్టు. హెడ్‌ఫోన్ చెవిని ఆనుకుని ఉంటుంది, దానికి కొన్ని మిల్లీవాట్లు చాలు. అంత కరెంటుతో ఇంత పెద్ద కాగితాన్ని కదపాలంటే ఎంత కదులుతుంది? పైగా రేడియో స్పీకర్లు ఎనిమిది ఓములవి, అంటే కరెంటుకి అడ్డు తక్కువ, హెడ్‌ఫోన్ కంటే ఎక్కువ కరెంటు లాగేస్తాయి. సెల్స్ గబగబా అయిపోయేవి. పాట నెమ్మదించి, పాడే ఆవిడ గొంతు మెల్లగా మగగొంతు అయిపోయేది. సెల్స్ తీసి ఎండలో పెడితే ఇంకో రెండు పాటలు. రివైండ్ మాత్రం ఎప్పుడూ పెన్సిలుతోనే.

అప్పుడే ఒక అద్భుతం జరిగింది. అన్నయ్య గుండ్రటి స్పీకర్ని తీసి, చోటు లేక, ఒక ఖాళీ అట్టపెట్టె మీద బోర్లించాడు. పెట్టెకి పైన ఎలకో ఎవరో కొరికిన కన్నం ఉంది. స్పీకరు సరిగ్గా ఆ కన్నం మీద పడింది. దోమ పాట కాస్తా మనిషి పాట అయిపోయింది. తబలా వినపడింది! ఎత్తితే పోయేది, పెడితే వచ్చేది. ఎత్తి పెట్టి, ఎత్తి పెట్టి, ఆ సాయంత్రమంతా అదే ఆట.

తాతగారు చెప్పారు. స్పీకర్ కాగితం ముందుకి కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పల్చబడుతుంది. ముందు గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కి జారుకుంటే రెండూ చెల్లుకి చెల్లు. సన్నటి స్వరాలకి ఆ తిరిగే టైము ఉండదు, లావు స్వరాలకి బోలెడంత ఉంటుంది. అందుకే పెట్టె లేని స్పీకర్లో మద్దెల వినపడదు. పెట్టె చేసేది ఒక్కటే, ముందు గాలినీ వెనక గాలినీ కలవనివ్వదు. "మీ ఇద్దరి మధ్య మీ అమ్మ పడుకుంటుందే, అలాగ" అన్నారు.

* * *

తీగలు మెలిపెట్టి కలిపిన వాళ్ళకి జరగాల్సిందే మాకూ జరిగింది. ఒకరోజు పాట పెడితే గాయకుడు లేడు.

నిజం. వయొలిన్లు ఉన్నాయి, వేణువు ఉంది, తాళాలు ఉన్నాయి. పల్లవి రావలసిన చోట ఎవరూ పాడటం లేదు. చెవి పెట్టి వింటే ఎక్కడో దూరంగా గుహలోంచి వచ్చినట్టు గొంతు నీడ మాత్రం ఉంది. ఇంకో పాట పెట్టాం, అదీ అంతే. క్యాసెట్ తిప్పి పెట్టాం. అటుపక్క కూడా అందరూ పోయారు. టేపు చెరిపేశామనుకున్నాం. స్పీకర్ అయస్కాంతం పక్కన క్యాసెట్ పెట్టొద్దని తాతగారు ముందే చెప్పారు, మేం పెట్టాం కూడా. బాబాయి ఇచ్చిన క్యాసెట్. భయంతో ఆ రాత్రి ఎవరికీ చెప్పలేదు. దొంగలు పడి మనుషుల్ని మాత్రమే ఎత్తుకెళ్ళినట్టు అనిపించింది.

పొద్దున్నే తాతగారి దగ్గరికి పరుగెత్తాం. ఆయన పిన్ను చూసి వెనక ముక్కకి ఉన్న మెలికని వేలితో కదిపారు. ఊడిపోయి ఉంది. నొక్కి పట్టుకోగానే గాయకుడు వచ్చేశాడు. వదిలేస్తే మళ్ళీ లేడు.

పాడేవాళ్ళని పాట మధ్యలో నిలబెట్టాలని, గొంతుని ఎడమ కుడి రెండింట్లోనూ సమానంగా కలుపుతారు. తిరుగు దారి తెగిపోతే కరెంటు వెళ్ళడానికి మిగిలింది ఎడమ నుంచి కుడికి, ఒక స్పీకర్లోంచి రెండోదానిలోకి. రెండు కొసల్లోనూ ఒకేలా ఉన్నదానికి ఎటు కదలాలో తెలియదు, అది ఆగిపోతుంది. తేడా ఉన్నది మాత్రమే ప్రవహిస్తుంది. వేణువు, వయొలిన్లు. ఇప్పటికీ తెగిన హెడ్‌ఫోన్ తీగతో ఎవరైనా "పాటలో గొంతు రావట్లేదు" అంటే నాకు చటుక్కున ఆ ఉదయం గుర్తొస్తుంది.

ఆ రోజే ఆయన మాకు ఐరన్ పట్టుకోవడం నేర్పారు. "సోల్డర్ని మొనకి కాదు, తీగకి పెట్టు. తీగ వేడెక్కితే అదే కరిగించుకుంటుంది" అన్నారు. అన్నయ్య మొదటి అతుకు వెండి చుక్కలా మెరిసింది. నాది బూడిదరంగు ఉండ. చల్లటి అతుకు అంటారు దాన్ని, చూడటానికి పట్టుకున్నట్టే ఉంటుంది, లోపల పట్టుకోదు. నా ఎడమ చేతి వేలి మీద అప్పటి మచ్చ ఇంకా ఉంది.

* * *

శబ్దాన్ని గట్టిగా చేసే ఆంప్లిఫయర్ సంగతికొద్దాం. ఒక కాగితం వెనకపక్క తాతగారు గీసిచ్చిన బొమ్మ మా దగ్గర చాలాకాలం ఉండేది. మధ్యలో ఒక పెట్టె, దానికి ఎనిమిది కాళ్ళు. ఎల్ఎం386. గోరంత చిప్. ఎడమకొకటి, కుడికొకటి, రెండు కావాలి. నాలుగు పెన్సిల్ సెల్స్ వరసగా పెడితే ఆరు వోల్టులు, దానికి హాయిగా సరిపోతాయి. మూడో కాలికి పాట, రెండూ నాలుగూ భూమికి అంటే సెల్స్ మైనస్సుకి, ఆరో కాలికి సెల్స్ ప్లస్సు, ఐదో కాలి నుంచి ఒక లావు కెపాసిటర్ ద్వారా స్పీకర్‌కి. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. మూడు వందల మిల్లీవాట్లు వస్తుంది మహా అయితే. దోమ పాట విన్న చెవికి అది ఊరేగింపు.

దాంట్లో ఒక తమాషా ఉంది. ఊరికే వదిలేస్తే ఆ చిప్ శబ్దాన్ని ఇరవై రెట్లు చేస్తుంది. ఒకటో కాలికీ ఎనిమిదో కాలికీ మధ్య పది మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే రెండు వందల రెట్లు. తాతగారు ఇరవై చాలన్నారు. ప్లేయర్ నుంచి వచ్చేది అసలే కాస్త గట్టి శబ్దం, దానికి రెండు వందలు ఎందుకు? కానీ రెండు వందలు దొరుకుతుంటే ఇరవైతో సరిపెట్టుకునే వయసు కాదు మాది. అన్నయ్య తెచ్చి పెట్టేశాడు. బోర్డు కూడా లేదు, దళసరి అట్టకి సూదితో కన్నాలు పొడిచి కాళ్ళు దూర్చి, కిందనుంచి తీగలు అతికాం. ప్లేయర్ నుంచి తీగ మూడు గజాలు ఉండాల్సిందే అన్నాను నేను, మంచం మీద పడుకుని వినడానికి.

ఆ రాత్రి ఇల్లంతా నిద్రపోయాక అట్టపెట్టె మాట్లాడింది.

ప్లేయర్ ఆపేసి ఉంది. పిన్ను ఊడదీసి ఉంది. ఆంప్లిఫయర్ మాత్రం ఆపడం మర్చిపోయాం. ఎవరో మగమనిషి, గంభీరంగా, చాలా మెల్లగా ఏదో చదువుతున్నాడు. మొదట లేచింది అమ్మ. తర్వాత అందరం. నాన్న కర్ర పట్టుకుని గదంతా వెతికారు. చివరికి పెట్టె దగ్గర వంగి విని, కర్ర కింద పెట్టి, "వార్తలు" అన్నారు.

మూడు గజాల తీగ ఏరియల్ అయిపోయింది. దగ్గర్లోని ఏదో రేడియో స్టేషన్ తరంగాన్ని అది పట్టింది, చిప్ మొదటి మెట్టులోనే అందులోంచి మాట విడిపోయింది, ఆ మాటని మా రెండు వందల రెట్ల అత్యాశ గట్టిగా చేసి వినిపించింది. ఈ చిప్‌తో ఆటలాడిన వాళ్ళలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. మర్నాడు ఆ కెపాసిటర్ పీకేసి, తీగ పొట్టిది చేసి, పైన జల్లెడలాంటి రాగి తొడుగున్న తీగ వాడాక వార్తలు ఆగిపోయాయి. నాన్నమ్మ ఒక్కరే బాధపడ్డారు. "అలాగే ఉంచితే పోయేది కదరా, దానికి సెల్స్ కూడా తక్కువే" అన్నారు, రేడియో వైపు చూస్తూ.

* * *

చిప్ కాలిన సంగతి కూడా చెప్పాలి. చెప్పక తప్పదు.

సెల్స్ పెట్టె నుంచి రెండు తీగలు వస్తాయి. ఎరుపొకటి నలుపొకటి ఉండాలి. మా దగ్గర నీలం తీగే మిగిలింది, రెండూ నీలమే వాడాం. గుర్తుంటుందిలే అనుకున్నాం. ఒక ఉదయం సెల్స్ మార్చి తీగలు కలపగానే పాట రాలేదు. వాసన వచ్చింది. రోజిన్ వాసన కాదు, ముక్కు మండించే ప్లాస్టిక్ వాసన. చిప్ మీద వేలు పెట్టి అన్నయ్య "అబ్బా" అని వెనక్కి లాక్కున్నాడు. ప్లస్సు మైనస్సు తిరగేసి కలిపితే ఆ చిప్ బతకదు.

"ఎవరు కలిపారు?" అని తాతగారు అడిగితే నేను అన్నయ్యని చూపించాను. అన్నయ్య నన్ను చూపించాడు. ఇద్దరం ఏడ్చాం, ఇద్దరం ఒట్లు వేశాం. ఆయన ఇంకేం అడగలేదు. కొత్త చిప్పులు అతికి, సెల్స్ దారిలో ఒక డయోడ్ పెట్టారు. కరెంటుని ఒకవైపే పోనిస్తుంది అది. దానికోసం 0.7 వోల్టు పోతుంది, పోనీ అన్నారు. "ఇక తిప్పి కలిపినా పాట రాదు గానీ ఏమీ కాలదు. మీరిద్దరూ కొట్టుకుంటే కొట్టుకోండి, చిప్ మాత్రం బతుకుతుంది."

ఆ గొడవ మాత్రం తేలలేదు. పెళ్ళిళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక కూడా, ఏ మాటా లేనప్పుడు అన్నయ్య ఫోన్లో "ఆ చిప్ కాల్చింది నువ్వే" అంటాడు. నేను "నువ్వే" అంటాను. అదొక పలకరింపు అయిపోయింది.

* * *

అట్టపెట్టెలు వానాకాలం మెత్తబడిపోయాక చెక్కపెట్టెలు వచ్చాయి. పాత సామాను పెట్టె పలకలు. స్పీకర్ బోర్లించి చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ గీత మీద మేకుతో వరసగా కన్నాలు పొడిచి, హాక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో నునుపు చేసి. బ్లేడుకి పిడి లేదు, గుడ్డ చుట్టి పట్టుకునేవాళ్ళం. వారం పట్టింది. లోపల పెట్టడానికి దూది కావాలన్నారు తాతగారు, పెట్టె గోడలకి కొట్టుకుని వెనక్కొచ్చే శబ్దాన్ని అది నంజుకుంటుందని. అన్నయ్య తలగడ రోజురోజుకీ పల్చబడింది. నాది పల్చబడలేదు. ఎందుకో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మధ్యలో ఎవరో చెప్పారని ఒక మట్టికుండ మూతి మీద గుండ్రటి స్పీకర్ని బోర్లించి చూశాం. బ్రహ్మాండంగా ఉంది, ఒక్క స్వరానికి. సీసా మూతి మీద ఊదితే వచ్చేలాంటి సొంత స్వరం కుండకీ ఉంటుంది. పాటలో ఆ స్వరం వచ్చినప్పుడల్లా కుండ పూనకం వచ్చినట్టు ఊగేది, మిగతా పాటంతా నిద్రపోయేది. కుండ మానేశాం.

పెట్టెలు రెండూ కిటికీకి అటూ ఇటూ పెట్టిన రోజు. పాట బాగానే ఉంది గానీ మద్దెల పల్చగా, గొంతు గది అంతా చెల్లాచెదురుగా ఉంది. తాతగారు వచ్చి ఒక పెన్సిల్ సెల్ తెమ్మన్నారు. స్పీకర్ తీగలకి క్షణం తాకించారు. 'టుప్'. కాగితం ముందుకి ఉబికింది. ఏ తీగకి ప్లస్సు తాకితే ఉబికిందో దానికి అమ్మ గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టించారు. రెండోదానికీ అలాగే. చూస్తే మేం ఒకదాన్ని తిరగేసి కలిపాం. ఒక పెట్టె గాలిని తోస్తుంటే రెండోది లాగేస్తోంది. (ఎవరు తిరగేశారో ఈసారి ఎవరూ అడగలేదు.)

సరిచేసి పాట పెట్టాం. నాన్నమ్మ రెండు పెట్టెలకీ ఎదురుగా, మంచం మీద పడుకుని ఉన్నారు. వయొలిన్లు ఎడమ నుంచి. వేణువు కుడి నుంచి. పల్లవి మొదలైంది. ఆవిడ కొంచెంసేపు విని, తల ఎత్తి, కిటికీ వైపు వేలు చూపించి అడిగారు.

"మధ్యలో ఏం పెట్టార్రా?"

మధ్యలో కిటికీ తప్ప ఏం లేదు. రెండు పెట్టెలూ ఒకే గొంతుని ఒకేలా పాడుతుంటే మన చెవులు ఆ మనిషిని తీసుకెళ్ళి సరిగ్గా మధ్యలో నిలబెడతాయి. నాన్నమ్మ లేచి వెళ్ళి కిటికీ తలుపు వెనక కూడా చూసి వచ్చారు. వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "బాగుంది కదే" అన్నారు నాన్నమ్మ, అరవకుండా.

అన్నయ్య నా వైపు తిరిగి "వేణువు" అన్నాడు. "ఆఁ, ఉంది" అన్నాను, అప్పుడే మొదటిసారి విన్నట్టు మొహం పెట్టి.

* * *

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. క్యాసెట్లు పోయాయి, సీడీలు వచ్చి పోయాయి, పాటలు ఫోన్లోకి చేరాయి. 2016లో ఆపిల్ ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ కన్నమే తీసేసింది, మిగతా కంపెనీలు కూడా చాలావరకు ఆ దారే పట్టాయి. తాతగారు పోయారు. నాన్నమ్మ పోయారు. ఇల్లు మారినప్పుడు చెక్కపెట్టెలు చెదపట్టాయని నాన్న పారేశారు, పారేసేముందు స్పీకర్లు ఊడదీసి ఉంచారు. గుండ్రంది నా దగ్గరికీ, కోలది అన్నయ్య దగ్గరికీ ఎలా వచ్చాయో గుర్తులేదు. ఎవరూ పంచలేదు.

ఇప్పుడు మా అమ్మాయి తెప్పించిన ఆంప్లిఫయర్ బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దది. పీఏఎం8403 అనే చిప్, ఐదు వోల్టులు చాలు, ఒక్కో పక్కకి మూడు వాట్ల దాకా ఇస్తుంది. మేం అట్ట మీద వారాల తరబడి కుట్టిందానికి పదింతలు. స్పీకర్ మాత్రం మారలేదు, అదే నాకు ఆశ్చర్యం. 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు రాసిన పేపర్లో ఉన్నదే ఇప్పటికీ. అయస్కాంతం మధ్యలో తీగచుట్ట, దానికి అతికిన కోను, వెనక్కీ ముందుకీ. నా గుండ్రటి స్పీకర్ని సెల్‌తో తాకించాను. 'టుప్'. ఎర్రచుక్క ఇంకా కనపడుతోంది. రెండోదానికి కొత్త స్పీకర్ తెప్పించాం.

"తీగలు నేను కలుపుతాను, నువ్వు చూడు" అన్నాను పెద్దరికంగా. ఎడమకొక తీగ, కుడికొక తీగ, తిరుగు దారి ఇద్దరికీ ఒకటే. చేతులకి అలవాటైన పని. రెండు మైనస్సులూ కలిపి ఒక్కచోట అతికేశాను. కరెంటు ఇచ్చాం. శబ్దం లేదు. వేలు పెట్టి చూస్తే చిప్ కాలుతోంది.

అమ్మాయి దాంతో పాటు వచ్చిన చీటీ చదివింది. ఈ చిప్ ఒక్కో స్పీకర్‌ని రెండు కొసల నుంచీ నడుపుతుందట, ఒకటి తోస్తే రెండోది లాగుతుంది. రెండు మైనస్సుల్నీ కలపకూడదు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఎవరి తిరుగు దారి వాళ్ళదే. విడదీసి అతికి, చల్లారాక మళ్ళీ పెడితే అదృష్టం బాగుండి పాట వచ్చింది. పెట్టెలు ఇంకా లేవు, రెండు అట్టపెట్టెల మీద బోర్లించాం.

సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేశాను, రెండు చేతులూ పనిలో ఉన్నాయని స్పీకర్ ఫోన్‌లో పెట్టి. అంతా విన్నాడు.

"రెండు మైనస్సులూ కలిపేశారా? ఎవరు కలిపారు?"

"అమ్మాయి" అన్నాను.

వెనకనుంచి "నాన్నా!" అని ఒక అరుపు.

అటుపక్క కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత నవ్వు మొదలైంది, ఆగలేదు చాలాసేపు. నీలం తీగల సంగతి ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు.

"ఎడమవైపు ఏ స్పీకరు పెట్టావు?" అన్నాడు చివరికి.

"గుండ్రందే."

"కోలది నా దగ్గరుంది. ఆ కొత్తది తీసెయ్, పంపిస్తాను."